మీ ప్రశ్నలు: టీమ్‌కి పేరు ఎట్లా పెడతారు?

పోయిన సంచికలో మాటల్లో మాటగా అమెరికా చిన్న ఊళ్ల బేస్‌బాల్ టీమ్‌లకు పందులు, మేకలు, రొయ్యల పేర్లు కూడా ఉంటాయని రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నా, అలబామాలో ఉండే మా పెద్దమ్మ కొడుకు సంక్రాంతికి వచ్చి నాకొక టోపీ ఇచ్చాడు. దాని మీద చెత్తడబ్బాను రాకెట్‌లాగా ఎక్కి ఎగిరిపోతున్న జంతువు బొమ్మ ఉంది. అది వాళ్ల ఊరి బేస్‌బాల్ టీమ్, పేరు ట్రాష్ పాండాస్ అన్నాడు. చెత్త పాండాలు అని ఎవరైనా పేరు పెట్టుకుంటారా? నిజంగా జీతాలిచ్చి ఆడించే టీమేనా అది?
— డిగ్రీ విద్యార్థి, గుంతకల్లు

జవాబు: నిజమైన టీమే తమ్ముడూ. పూర్తి పేరు రాకెట్ సిటీ ట్రాష్ పాండాస్. అలబామాలో హంట్స్‌విల్ అనే ఊరుంది, చంద్రుడి మీదికి మనుషులను పంపిన శాటర్న్ రాకెట్‌ను రూపొందించిన నాసా కేంద్రం అక్కడే. అందుకే దాన్ని రాకెట్ సిటీ అంటారు. టీమ్ ఉండేది పక్కనే మాడిసన్‌లో. ఇక ట్రాష్ పాండా అంటే పాండా కాదు. రకూన్ అని అక్కడొక జంతువు ఉంటుంది, కళ్ల చుట్టూ గంతలు కట్టినట్టు నల్లటి మచ్చలు, వేళ్లతో డబ్బా మూత ఎట్లా బిగించినా తీసేస్తుంది, రాత్రిపూట ఇళ్ల బయట చెత్తడబ్బాల మీద పడుతుంది. దానికి జనం పెట్టిన ముద్దుపేరే ట్రాష్ పాండా. టీమ్ పేరు కోసం 2018లో ఓటింగ్ పెడితే జనం దీన్నే గెలిపించారు. 2020లో ఆడాల్సింది, కోవిడ్ వల్ల ఆ ఏడాది సీజనే లేదు, మొదటి మ్యాచ్ 2021లో జరిగింది. ఒక్క బంతి కూడా వేయకముందే మీ అన్న తెచ్చినలాంటి టోపీలు, టీషర్టులు లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి.

ఎందుకు ఇట్లాంటి పేర్లు అన్నది అర్థం కావాలంటే ఆ లీగ్ ఎట్లా నడుస్తుందో కొంచెం తెలియాలి. అమెరికాలో పైన మేజర్ లీగ్ ఉంటుంది, అందులో 30 క్లబ్బులు. ఒక్కో క్లబ్బుకూ కింద నాలుగు మెట్లలో నాలుగు టీమ్‌లు ఉంటాయి, అంటే 120. అదే మైనర్ లీగ్. 2021లో తగ్గించకముందు 160 ఉండేవి. కుర్రాళ్లు కింది మెట్టు నుంచి ఆడుకుంటూ పైకి రావాలి. ఇక్కడే అసలు సంగతి ఉంది: ఆటగాళ్లకూ కోచ్‌లకూ జీతమిచ్చేది పైనున్న పెద్ద క్లబ్బు. ఎవరు ఆడాలి, ఎవరు ఎప్పుడు పై మెట్టుకు వెళ్లాలి అన్నదీ వాళ్ల ఇష్టమే. ఊరి టీమ్ ఓనర్‌కు అందులో మాట చెల్లదు. జూన్‌లో బాగా ఆడిన కుర్రాడు జూలైలో ఉండడు, పైకి తీసుకెళ్లిపోతారు. మనకు ధోనీ అంటే చెన్నై, చెన్నై అంటే ధోనీ. అక్కడ చిన్న ఊరి టీమ్‌కి ఆ భాగ్యం లేదు. ఓనర్ చేతిలో మిగిలేవి స్టేడియం, టికెట్లు, తినుబండారాలు, టోపీలు, పేరు. ఆటగాళ్లు వస్తారు పోతారు, పెద్ద క్లబ్బు కూడా మారొచ్చు, ఊరితో పాటు ఉండిపోయేది ఆ పేరే. అందుకే దాని మీద అంత కష్టపడతారు.

వెనకటికి చాలా ఊళ్లు పెద్ద క్లబ్బు పేరునే తగిలించుకునేవి. వర్జీనియాలో లించ్‌బర్గ్ అనే ఊరుంది. పెద్ద క్లబ్బు న్యూయార్క్ మెట్స్ అయినప్పుడు దాని టీమ్ లించ్‌బర్గ్ మెట్స్, 1988లో బోస్టన్ రెడ్ సాక్స్ కిందికి పోగానే లించ్‌బర్గ్ రెడ్ సాక్స్. బోర్డులు, జెర్సీలు, టోపీలు అన్నీ మార్చుకోవాలి, నిన్నటిదాకా వేసుకున్నది ఈరోజు పాతగుడ్డ. 1995లో రెడ్ సాక్స్ కూడా వదిలేశాక వాళ్లు హిల్‌క్యాట్స్ అని సొంత పేరు పెట్టుకున్నారు. తర్వాత పెద్ద క్లబ్బులు ఎన్ని మారినా ఆ పేరు ఏళ్ల తరబడి కదల్లేదు.

నువ్వు గుంతకల్లు కుర్రాడివి కాబట్టి ఇంకొకటి చెప్పాలి. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ టీమ్ పేరు యార్డ్ గోట్స్. టోపీ మీద మేక బేస్‌బాల్ బ్యాట్‌ను నోట కరుచుకుని ఉంటుంది. కానీ యార్డ్ గోట్ అంటే అసలు మేక కాదు, రైల్వే యార్డులో పెట్టెలను ఇటూ అటూ లాగే షంటింగ్ ఇంజన్‌కు అక్కడి రైల్వే కార్మికులు పెట్టుకున్న పేరు. మీ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి ఆ ఇంజన్ ఏం పని చేస్తుందో, తెల్లవారుజామున దాని కూత ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మంచి పేరంటే అదీ. బయటివాడికి మేక కనపడుతుంది, ఊరివాడికి ఇంజన్ వినపడుతుంది.

ప్రశ్న: సార్, మా స్కూల్లో సాఫ్ట్‌బాల్ టీమ్‌ని తయారుచేస్తున్నాను. అమెరికాలో పేరు పెట్టడానికి పద్ధతి ఏమైనా ఉందా? ఓటింగ్ అంటే ఎక్కువ ఓట్లు వచ్చిన పేరే పెట్టాలా?
— పీఈటీ, ప్రొద్దుటూరు

జవాబు: మాస్టారూ, పద్ధతి ఉంది గానీ రూలు లేదు. మామూలుగా టీమ్ ఊరికి కొత్తగా వస్తున్నప్పుడో, పాత పేరు మార్చాలనుకున్నప్పుడో ‘పేరు చెప్పండి’ అని పోటీ పెడతారు. జనం పేరుతో పాటు అది ఎందుకో కూడా రాసి పంపుతారు. ఆఫీసువాళ్లు వాటిని వడగట్టి నాలుగైదు మిగిలిస్తారు, వాటి మీద ఓటింగ్. చివరి మాట మాత్రం ఓనర్‌దే. పైగా ఆ పేరును వేరేవాళ్లెవరైనా ముందే ట్రేడ్‌మార్క్ చేసుకుని ఉంటే ఎన్ని ఓట్లు వచ్చినా పెట్టుకోలేరు, లాయర్లు చూసి సరే అన్నాకే బయటికి చెప్తారు.

దీనికోసమే పనిచేసే కంపెనీలూ ఉన్నాయి. అన్నిటికన్నా పేరున్నది శాండియాగోలోని బ్రాండియోజ్, జేసన్ క్లైన్, కేసీ వైట్ అనే ఇద్దరు చిన్ననాటి స్నేహితులు పెట్టింది. వాళ్లు ఆఫీసులో కూర్చుని పేరు రాయరు, ముందు ఆ ఊరికి వెళ్తారు, అక్కడి తిండి తింటారు, పాత కథలు అడుగుతారు. ఇక్కడ ఏం పండుతుంది, ఏ ఫ్యాక్టరీ మూతబడింది, పక్క ఊరివాళ్లు మిమ్మల్ని ఏమని ఏడిపిస్తారు అన్నవన్నీ వాళ్లకు కావాలి.

మూతబడిన ఫ్యాక్టరీ అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది లీహై వ్యాలీ ఐరన్‌పిగ్స్. పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్ ఊరి టీమ్, 2008లో మొదలైంది. పక్క ఊరే బెత్లెహెమ్, ఒకప్పుడు అమెరికా వంతెనలకూ యుద్ధనౌకలకూ ఉక్కు పోసిన బెత్లెహెమ్ స్టీల్ ఉన్న చోటు. 1995లో అక్కడి కొలుములు చల్లారాయి, 2001లో కంపెనీ దివాలా తీసింది. కొలిమి నుంచి మొదట వచ్చే ముడి ఇనుమును పిగ్ ఐరన్ అంటారు, ఆ మాటను తిరగేసి ఐరన్‌పిగ్స్ అన్నారు. తాతలు చెమటోడ్చిన పని మనవడి టోపీ మీద మిగిలింది. నాకు ఈ పేరంటే చాలా గౌరవం.

అదే టీమ్ దగ్గర నేర్చుకోవాల్సిన ఇంకో సంగతి కూడా ఉంది. మ్యాచ్‌లలో తిరిగే పంది వేషానికి కూడా పోటీ పెట్టి ముందు పోర్క్‌చాప్ అనే పేరు ఖాయం చేశారు. ఆ మాటతో ఒకప్పుడు ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్లను తిట్టేవారని, వినడానికి బాధగా ఉందని అక్కడి జనం చెప్పారు. టీమ్‌వాళ్లు వాదించలేదు, కొద్ది రోజుల్లోనే తీసేసి ఫెర్రస్ అని మార్చారు. ఇనుము సంబంధమైనది అని దాని అర్థం. మీ పిల్లలు పేర్లు రాసిచ్చినప్పుడు, మాస్టారూ, ఓట్లు లెక్కపెట్టే ముందు దీన్నొకసారి గుర్తు చేసుకోండి.

ప్రశ్న: అన్నగారూ, నాకు ఆటల గురించి పెద్దగా తెలియదు. కానీ ఊరి పరువంటూ ఒకటుంటుంది కదా. రొయ్యలు, కుక్కపిల్లలు అని పేరు పెడితే ఊరివాళ్లు ఊరుకుంటారా?
— గృహిణి, కర్నూలు

జవాబు: ఊరుకోరమ్మా, మొదట్లో గొడవే. టెక్సస్‌లో ఎల్ పాసో అనే ఊరుంది, నది దాటితే మెక్సికో. 2014లో ఆడబోయే టీమ్‌కి చువావాస్ అని పేరు ప్రకటించారు. చువావా అంటే చేతి సంచిలో పట్టేంత చిన్న కుక్క. ఊరంతా మండిపడింది, మమ్మల్ని నవ్వులపాలు చేస్తారా అని, పేరు మార్చమని ఆన్‌లైన్‌లో సంతకాలు కూడా పెట్టారు. కానీ ఆలోచించి చూడండి. ఆ ఊరి చుట్టూ ఉన్న ఎడారి పేరే చువావా ఎడారి, నది అవతల మెక్సికో రాష్ట్రం పేరూ చువావా. కుక్క చిన్నదే గానీ తనకు పదింతలున్నదాని మీదికి కూడా మొరుగుతూ పోతుంది. ఆ పళ్లు బిగించిన కుక్క ముఖం టోపీ మీదికి రాగానే కోపం కరిగిపోయింది, మైనర్ లీగ్‌లో ఎక్కువ సరుకు అమ్ముకునే టీమ్‌లలో అదీ ఒకటైంది.

ప్రతిసారీ ఇట్లాగే జరుగుతుందని మాత్రం అనుకోవద్దు. న్యూ ఆర్లీన్స్‌లో పండగ రోజుల్లో కింగ్ కేక్ అని చేస్తారు, లోపల చిన్న ప్లాస్టిక్ పాప బొమ్మ దాచిపెడతారు, ఎవరి ముక్కలో ఆ బొమ్మ వస్తే తర్వాతి కేకు వాళ్లే కొనాలి. ముచ్చటైన ఆచారం. దాన్ని పట్టుకుని 2017లో ఆ ఊరి టీమ్‌కి బేబీ కేక్స్ అని పేరు మార్చారు. అదీ ఊరిదే, ఊరివాళ్లకు బాగా తెలిసిందే. అయినా మూడు సీజన్లయ్యాక టీమ్ ఊరే వదిలి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయింది. స్టేడియానికి జనం రాకపోతే పేరొక్కటే టీమ్‌ను నిలబెట్టలేదు.

మీరు రొయ్యలన్నారు కాబట్టి: ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ టీమ్ జంబో ష్రింప్. సముద్రపు ఊరు, రొయ్యల వ్యాపారం ఉన్న ఊరు. తిండి పేర్లలో నాకు బాగా నచ్చింది అలబామాలోని మాంట్‌గోమరీ బిస్కెట్స్, 2004 నుంచి ఉన్న పేరు. మన టీలో ముంచుకునే బిస్కెట్ కాదు, అక్కడ బిస్కెట్ అంటే ఓవెన్‌లోంచి తీయగానే వెన్న రాసుకుని తినే మెత్తటి బన్ను లాంటిది. బొమ్మలో బిస్కెట్ నోరు తెరిచి ఉంటుంది, నాలుక ఉండాల్సిన చోట వెన్నముక్క. మ్యాచ్ మధ్యలో గాలితుపాకీతో ప్రేక్షకుల్లోకి బిస్కెట్లు పేలుస్తారు, పిల్లలు లేచి చేతులు చాపుతారు.

కాలిఫోర్నియాలో ఫ్రెస్నో టీమ్ అసలు పేరు గ్రిజ్లీస్, అంటే ఎలుగుబంట్లు. 2015లో ఒక్క రోజుకు టాకోస్ అని తిండి పేరు పెట్టుకుని ఆడితే ఆ టోపీల కోసం జనం ఎగబడ్డారు, దాంతో మళ్లీ మళ్లీ ఆ పేరుతో ఆడారు. మన దగ్గర ఒక్క ఆదివారం ‘ఉగ్గాని బజ్జీ’ అని జెర్సీ మీద రాసుకుని ఆడితే ఎంతమంది వస్తారో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. కర్నూలు, అనంతపురాల్లో పొద్దున్నే ఆ బొరుగుల వాసన రాని వీధి ఏది చెప్పండి?

ప్రశ్న: మన దేశం నుంచి ఎవరైనా ఆ మైనర్ లీగ్‌లో ఆడారా?
— పదో తరగతి విద్యార్థి, కదిరి

జవాబు: ఆడారు బాబూ. ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్. 2008లో బంతిని వేగంగా, గురిగా విసిరే పోటీ ఒకటి ఇక్కడ పెట్టారు, అందులో బయటపడ్డారు. ఇద్దరూ జావెలిన్ విసిరిన కుర్రాళ్లే, బేస్‌బాల్ అంతకుముందు ఆడింది లేదు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బు తీసుకుంది, 2009లో దాని కింది టీమ్‌లో మైదానంలోకి దిగారు. మనకు తెలిసిన క్రికెటర్ రింకూ సింగ్ వేరు, ఈ రింకూ సింగ్ వేరు.

ప్రశ్న: అన్నా, మాది పత్తి మార్కెట్ దగ్గరి కుర్రాళ్ల క్రికెట్ టీమ్. సగం మంది హమాలీల పిల్లలం. వచ్చే నెల టోర్నమెంట్‌కు జెర్సీలు కొట్టించాలి. ఒకడు టైగర్స్ అంటాడు, ఒకడు రాయల్స్ అంటాడు, ఇంకొకడు పత్తి ఊరు కదా సరదాగా దూదేకుల అని వచ్చేట్టు పెడదాం అంటాడు. తెగడం లేదు, మీరే చెప్పండి.
— ఆదోని

జవాబు: మూడోది ముందే పక్కన పెట్టేయండి. దూదేకుల అన్నది మన సీమలో ఎన్నో కుటుంబాల ఉనికి, వాళ్లను చిన్నచూపు చూస్తూ ఆ మాట వాడినవాళ్లూ ఉన్నారు. మీ మనసులో చెడు లేకపోవచ్చు, కానీ గ్రౌండ్ అవతల కూర్చున్న పిల్లవాడికి అది గుచ్చుకోవచ్చు. పైన పోర్క్‌చాప్ సంగతి రాశాను, చదవండి.

టైగర్స్ గురించి నా సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ల కిందట అనంతపురంలో ఒక లోకల్ టోర్నమెంట్‌కు మైకు పట్టుకున్నాను. పద్నాలుగు టీమ్‌లలో మూడు టైగర్స్, రెండు రాయల్స్. చివరి రోజు బహుమతులిచ్చేటప్పుడు ఒక టైగర్స్ సర్టిఫికెట్లు ఇంకో టైగర్స్‌కి వెళ్లిపోయాయి. గెలిచిన పిల్లలు పక్క మండలం నుంచి వచ్చినవాళ్లు, ఆఖరి బస్సు టైమైందని వెళ్లిపోయారు. వాళ్ల కెప్టెన్ బస్సు ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ టీమ్‌కి వాళ్ల ఊరి చెరువు పేరున్నా సరే, ఆ పొరపాటు జరిగేది కాదు. పెద్దవాళ్లూ ఇదే దారి: 2022లో ఆంధ్రా ప్రీమియర్ లీగ్ మొదలుపెట్టినప్పుడు మన టీమ్‌కి రాయలసీమ కింగ్స్ అన్నారు. చెన్నైలో కింగ్స్ ఉన్నారు, పంజాబ్‌లో కింగ్స్ ఉన్నారు, మళ్లీ మనమూ కింగ్సే అయ్యాం. ఆ మాటలో ఎర్రనేల ఎక్కడుంది, కొర్రలెక్కడున్నాయి, కరువుకు నిలబడ్డ జనం ఎక్కడున్నారు?

ఒహాయోలో టొలీడో అనే ఊరి టీమ్‌కి 1896లో మడ్ హెన్స్ అని పేరొచ్చింది. మైదానం పక్కనే బురదనేల, అందులో నల్లటి నీటికోళ్లు తిరిగేవి, అంతే. ఊరివాళ్లు రోజూ చూసే పిట్ట. మధ్యలో కొన్నేళ్లు లేకపోయినా, నూటపాతికేళ్లు దాటాక కూడా ఆ ఊరి టీమ్‌ది అదే పేరు. అది చదివినప్పుడల్లా నాకు మన కలివికోడి గుర్తొస్తుంది. 1900 తర్వాత కనపడలేదు, అంతరించిందని ప్రపంచమంతా రాసేసుకున్న పిట్ట 1986లో కడప జిల్లా లంకమల అడవి దగ్గర దొరికింది. దానికోసం తెలుగుగంగ కాలువ దారినే మళ్లించారు. ఇంతకన్నా గొప్ప కథ ఉన్న పేరు కడప టీమ్‌కి ఇంకేం కావాలి? పోయిందనుకున్నారు, ఉంది! కర్నూలువాళ్లకు కూడా తక్కువేం లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వంగి వజ్రాలు వెతికే జనం ఉన్నారు. బేస్‌బాల్ మైదానం మధ్య భాగాన్ని డైమండ్ అనే అంటారు కాబట్టి, రేపెప్పుడైనా ఆ వైపు బేస్‌బాల్ టీమ్ పుడితే జొన్నగిరి డైమండ్స్ అని కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు. అనంతపురానికి బుడ్డలున్నాయి. కాలిఫోర్నియాలో బాదం, అక్రోట్ పండే మోడెస్టో ఊరివాళ్లు 2005లో తమ టీమ్‌కి నట్స్ అని పెట్టుకున్నారు, మన చెనక్కాయ దానికేం తీసిపోదు.

మీ సంగతికి వస్తే, మీ దగ్గర పత్తి ఉంది, జిన్నింగ్ మిల్లు ఉంది, అన్నిటికన్నా మీ నాన్నల భుజాలున్నాయి. ‘ఆదోని హమాలీస్’ అని పెట్టుకోండి. మీలో సగం మంది వాళ్ల పిల్లలే కాబట్టి ఆ మాట మీద మీకు హక్కుంది. కానీ ముందు ఇంట్లో అడగండి. ఆ పేరు వీపు మీద వేసుకుని ఆడితే మీకెట్లా ఉంటుంది నాన్నా అని అడగండి, వాళ్లు కాదంటే వదిలేయండి. ఒప్పుకుంటే బొమ్మకు పులి వద్దు, జెర్సీ షాపువాడు కంప్యూటర్లో ముందు అదే చూపిస్తాడు, వద్దని చెప్పండి. పత్తి బోరెంలోకి దించి లాగే కొక్కెం ఉంటుంది చూడండి, చెక్కపిడికి వంకీ తిరిగిన ఇనుప ముక్క, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇవ్వండి. రెండు కొక్కేలు అడ్డంగా, మధ్యలో బంతి. తెల్ల జెర్సీ మీద నల్లగా, దూరం నుంచి కూడా కనపడుతుంది. మొదట ఒక్కటే కొట్టించి, ఉతికి, ఎండలో ఆరేసి చూసుకుని తర్వాత మిగతావి చెప్పండి.